వీలునామా సరే, నిర్వాహకుడెవరు?

భార్య తన జీవితకాలంలో విక్రయాది హక్కులు లేకుండా ఆస్తిని అనుభవించాలి, ఆమె తదనంతరం కుమారులు దాన విక్రయ వినిమయాది సర్వహక్కులతో పొందాలి - తెలుగు జిల్లాలలో ఏ దస్తావేజు లేఖరి చేత రాయించిన వీలునామా విప్పి చూసినా ఈ ఏర్పాటు గానీ, దీనికి దగ్గరి ఏర్పాటు గానీ కనిపిస్తుంది. తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి ఇది. ఇంటి యజమాని కన్నుమూసిన తరువాత ఇల్లాలికి తిండికీ బట్టకూ లోటుండరాదు, ఆస్తి చెయ్యి దాటిపోరాదు, చివరకు పిల్లలకు చేరాలన్నది దీని వెనుక ఉన్న లెక్క. ఈ లెక్క న్యాయస్థానాలలో ఎన్నోసార్లు తప్పిందన్న సంగతి మాత్రం వీలునామా రాయించే వారికి ఎవరూ చెప్పరు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఇందుకు మూలం. స్త్రీకి ఏ విధంగా సంక్రమించిన ఆస్తి అయినా ఆమె సంపూర్ణ స్వంతమని ఆ సెక్షన్ మొదటి భాగం చెబుతుంది. వీలునామా, దానపత్రం వంటి వాటి ద్వారా పరిమిత హక్కుతోనే ఇచ్చిన ఆస్తికి ఇది వర్తించదని రెండవ భాగం అంటుంది. ఈ రెండింటి నడుమ సరిహద్దు ఎక్కడన్న ప్రశ్న మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చింది. మనోవర్తి కింద, రాజీ ద్వారా, జీవితకాలపు హక్కుతో వితంతువు పొందిన ఆస్తి అది. మనోవర్తి ఆమెకు ముందు నుంచీ ఉన్న హక్కు గనుక, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తిపై పెట్టిన ఆంక్షలు నిలవవనీ, ఆమె సంపూర్ణ హక్కుదారేననీ 1977లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అటు తరువాత మన రాష్ట్రానికే చెందిన మరొక కుటుంబం వ్యాజ్యంలో, 1920లో రాసిన వీలునామాకు 2015లో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని వర్తింపజేసింది. రాసిన నాటికీ అర్థం తేలిన నాటికీ నడుమ 95 సంవత్సరాలు! ఇంతలో వేర్వేరు ధర్మాసనాలు వేర్వేరు దారులు తొక్కడంతో, ఈ రెండు భాగాల పొంతన తేల్చవలసిందిగా 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి విస్తృత ధర్మాసనాన్ని కోరవలసి వచ్చింది.

తులశమ్మ తీర్పు స్త్రీకి న్యాయం చేసిన తీర్పు. దానిపై ఈ వ్యాసకర్తకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదల్లా, గట్టి తాళం వేశామనుకొని నిశ్చింతగా కన్నుమూసే పెద్దల అమాయకత్వం మీద, ఆ తాళం ఎటు తిరుగుతుందో తెలియకుండానే పాత నమూనా చూసి ఎత్తిరాసే దస్తావేజు రచన మీద. భార్యకు నిజంగా ఆస్తి ఇవ్వదలిస్తే సర్వహక్కులతోనూ ఇవ్వవచ్చు. అలాకాక ఆస్తి ఒకరి అజమాయిషీలో ఉండి, ఫలసాయం మరొకరికి అందాలన్నదే ఉద్దేశమైతే, చట్టం అందుకు వేరొక మార్గం చూపించింది. అదే వీలునామా ద్వారా ట్రస్టు ఏర్పాటు చేయడం.

ట్రస్టు అనగానే మనవారికి సత్రాలు, కళాశాలలు, దేవాలయాలు, కొందరికి ఎన్నికల వేళ బయటపడే నాయకుల సంస్థలు గుర్తుకువస్తాయి. ఇక్కడి ప్రస్తావన వాటిని గురించి కాదు. ఒక కుటుంబంలోని నిర్ణీత వ్యక్తుల మేలు కోసం ఏర్పడే ప్రైవేటు ట్రస్టులకు 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ఆధారం. ఆస్తిపై యాజమాన్యం ట్రస్టీ పేరిట ఉంటుంది. అనుభవం లబ్ధిదారుది. ట్రస్టీ తన స్వలాభానికి ఆ ఆస్తిని వాడుకోరాదు, తన సొమ్ముతో కలపరాదు, అడిగినప్పుడు లెక్క చూపించాలి, కర్తవ్యభంగం వల్ల నష్టం వస్తే తన జేబులోంచి పూడ్చాలి. జీవితకాలపు హక్కుదారుకు, ఆమె తదనంతరపు వారసులకు నడుమ సహజంగా ఉండే వైరం ఇందులో లేదనికాదు. కానీ ఇద్దరికీ మధ్య చట్టరీత్యా జవాబుదారీ అయిన మూడవ మనిషి ఉంటాడు.

బతికి ఉండగానే స్థిరాస్తితో ట్రస్టు ఏర్పరచాలంటే దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి, స్టాంపు సుంకం చెల్లించాలి, ఆస్తిని ట్రస్టీకి బదిలీ చేయాలి. వీలునామాలో ఏర్పరిచే ట్రస్టుకు ఈ బాధలు లేవు. వీలునామాకు స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కర్త సంతకం, ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ ఉంటే చాలును. కర్త జీవించి ఉన్నంతకాలం ఆస్తి ఆయనదే, వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చింపి పారవేయవచ్చు. ట్రస్టు ఊపిరి పోసుకొనేది ఆయన మరణానంతరమే. మధ్యతరగతి కుటుంబాలకు అనువైన లక్షణం ఇదే.

ఈ ఏర్పాటు ఎవరికి అవసరం? పిల్లలంతా పెద్దవారై, ఎవరి కాళ్లమీద వారు నిలబడిన ఇంటికి దీని అవసరం బహుశా లేదు. అటువంటి వారికి సూటిగా పంచి ఇచ్చే వీలునామాయే మేలు. అవసరం ఎక్కడ తీవ్రమో చెప్పడానికి ఒక కల్పిత కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొందాం. గుంటూరులో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. సొంత ఇల్లు, పల్లెలో మూడెకరాల మాగాణి, బ్యాంకులో డిపాజిట్లు. కుమారుడు అమెరికాలో స్థిరపడ్డాడు. ముప్పయ్యేళ్ల కుమార్తె పుట్టుకతోనే మానసిక ఎదుగుదల లేని మనిషి. అన్నం తినిపించడం దగ్గర నుంచి అన్నీ తల్లి చూసుకోవాలి. ఆ దంపతులను రాత్రిళ్లు నిద్రపోనివ్వని ప్రశ్న ఒక్కటే: మేము పోయిన తరువాత ఈ పిల్లను ఎవరు చూస్తారు?

ఇటువంటి ఇంట్లో సాధారణంగా జరిగేది రెండు విధాలు. ఆస్తినంతా కుమారుడికి రాసి, చెల్లెల్ని చూసుకోవలసిందని వీలునామాలో ఒక కోరిక వెలిబుచ్చడం మొదటిది. ఆ కోరికకు చట్టం దృష్టిలో బలం స్వల్పం. కుమారుడు ఉత్తముడే కావచ్చు. అతని కంటే ముందు అతనికే ఏదైనా జరగవచ్చు, అప్పులవాళ్లు ఆ ఆస్తిని జప్తు చేయవచ్చు. ఇక రెండవది, ఆస్తిలో వాటాను కుమార్తె పేరనే రాయడం. సంతకం చేయలేని మనిషి పేర ఉన్న డిపాజిట్టును బ్యాంకు విప్పదు, పొలాన్ని కౌలుకిచ్చే అధికారం ఎవరిదో తేలదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీ ఇటువంటి వారికి సంరక్షకుని నియమించగలదు. ఆ సంరక్షకుడు ఆరు నెలలలోగా ఆస్తుల జాబితా దాఖలు చేయాలి, ఏటా లెక్క చెప్పాలి. మంచి ఏర్పాటే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికే అది పరిమితం. పైగా మనిషి సంరక్షణ ఒకటి, డబ్బు నిర్వహణ మరొకటి. ఈ రెండూ ఒకే చేతిలో ఉండకపోవడమే ఎన్నోసార్లు క్షేమం. డబ్బు ట్రస్టీల దగ్గర ఉండి, నెలనెలా సంరక్షకురాలి చేతికి అందితే ఒకరిపై ఒకరికి కన్ను ఉంటుంది.

ఆ ఉపాధ్యాయుడు ట్రస్టుకే మొగ్గుచూపాడనుకొందాం. ట్రస్టీగా ఎవరిని పెట్టాలి? మొదట నోటికి వచ్చే పేరు అమెరికాలోని కుమారుడిది. విచిత్రం ఏమంటే, 1882 చట్టం 60వ సెక్షన్ వివరణలో ట్రస్టీగా తగనివారి పట్టీ ఒకటి ఉంది. విదేశంలో స్థిరనివాసం ఏర్పరచుకొన్నవాడు అందులో మొదటివాడు! లబ్ధిదారు ప్రయోజనానికి విరుద్ధమైన ప్రయోజనం ఉన్నవాడు, దివాలా స్థితిలో ఉన్నవాడు కూడా ఆ పట్టీలో ఉన్నారు. చెల్లెలి తదనంతరం ఆస్తి అన్నకే చేరాలని రాస్తే, ఆమెపై ఎంత తక్కువ ఖర్చయితే అన్నకు అంత మిగులు. పరుల మాట అటుంచి, అతని మనస్సాక్షికే అది పరీక్ష. ఆ సెక్షన్ లబ్ధిదారుకు హక్కు ఇచ్చేదే తప్ప విదేశవాసిని ట్రస్టీగా పెట్టడాన్ని నిషేధించదు. ట్రస్టు పత్రంలో వేరుగా రాసుకొనే వెసులుబాటూ ఉంది. అయినా, పన్నెండు వేల కిలోమీటర్ల దూరం నుంచి మాగాణి కౌలు వసూలు చేయడం ఎలాగో ఆలోచించుకోవలసిందే. అదే పట్టీలో, లబ్ధిదారు వైయక్తిక ధర్మశాస్త్రం అనుమతిస్తే తప్ప, మైనరు సరసన వివాహిత స్త్రీని కూడా కూర్చోబెట్టారు విక్టోరియా రాణి కాలపు శాసనకర్తలు. స్వతంత్ర భారత పార్లమెంటుకు ఆ మాటను తుడిచివేసే తీరిక దొరకకపోవడం శోచనీయం. డబ్బు వసూలు, భద్రత ఉన్న ట్రస్టుకు కనీసం ఇద్దరు ట్రస్టీలుండాలని అదే సెక్షన్ చెప్పడం మాత్రం ఈనాటికీ పాటించదగిన సలహా.

మైనరు పిల్లల విషయం వేరు. తండ్రి హఠాత్తుగా మరణిస్తే పిల్లల పేర ఉన్న స్థిరాస్తిని అమ్మడానికి సహజ సంరక్షకురాలైన తల్లి కూడా కోర్టు అనుమతి పొందాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం అంటుంది. ఆ పిల్లవాడికి 18 ఏళ్లు నిండిన మరునాడు కోర్టూ లేదు, తల్లీ లేదు. ఇంటర్మీడియట్ పూర్తయీ కాని కుర్రవాడి చేతికి హైదరాబాదు శివార్లలోని ఎకరాలు వస్తాయి. ఆ వయసులో అతని చుట్టూ చేరే స్నేహితులెవరో వేరుగా చెప్పనవసరం లేదు. పాతికేళ్లు వచ్చేదాకా అసలు చేతికివ్వరాదు, చదువుకూ వైద్యానికీ ఆదాయం నుంచి ఖర్చు పెట్టాలి అని ట్రస్టులో రాయవచ్చు.

ఇక్కడొక మెలిక ఉంది. ఆస్తి పూర్తిగా కుమారుడిదేనని ముందు వాక్యంలో రాసి, పాతికేళ్ల వరకు ఇవ్వవద్దని తరువాతి వాక్యంలో రాస్తే, 18 నిండగానే అతడు ట్రస్టుల చట్టం 56వ సెక్షన్ చూపించి నా ఆస్తి నాకివ్వండని అడగవచ్చు. ఏకైక లబ్ధిదారు ఒప్పందానికి అర్హుడైతే ట్రస్టీ కాదనలేడు. పాతికేళ్లు జీవించి ఉంటేనే హక్కు సంక్రమిస్తుంది, లేనిపక్షంలో ఫలానావారికి చెందుతుంది అని రాస్తే పరిస్థితి వేరు. రెండు వాక్యాలకు తేడా పది మాటలే. ఆ పది మాటల కోసమే మంచి న్యాయవాదికి రుసుము చెల్లించవలసింది.

వీలునామా మాటలలోని అస్పష్టత ఎంత పెద్దవారినైనా వదలదు. సర్దార్ పటేల్ అన్న విఠల్‌భాయ్ పటేల్ కేంద్ర శాసనసభకు అధ్యక్షత వహించిన న్యాయవాది. 1933లో స్విట్జర్లాండ్‌లో మరణించే ముందు రాసిన వీలునామాలో, కొన్ని కేటాయింపులు పోగా మిగిలిన సొమ్మును భారతదేశపు రాజకీయ అభ్యున్నతికి, వీలైతే విదేశాలలో ప్రచారానికి ఖర్చు చేయవలసిందిగా సుభాస్ చంద్ర బోసుకు అప్పగించారు. ఆ సొమ్ము బోసుకు అందలేదు. వివాదం బొంబాయి హైకోర్టుకు ఎక్కింది. ఆ కేటాయింపు చెల్లదని 1939లో తేలింది. ఉద్దేశం ఎంత ఉన్నతమైనా, ఏ పనికి, ఎవరి మేలుకు అన్నది చట్టానికి అందేటంత నిర్దిష్టంగా ఉండకపోతే ట్రస్టు నిలవదు. ట్రస్టుల చట్టం 6వ సెక్షన్ ఉద్దేశం, ప్రయోజనం, లబ్ధిదారు, ఆస్తి అనే నాలుగూ స్పష్టంగా తెలియాలంటున్నది ఇందుకే.

అతిగా బిగించినా ప్రమాదమే. కలకత్తా జమీందారు, న్యాయవాది ప్రసన్నకుమార ఠాగూర్ తన ఏకైక కుమారుడు జ్ఞానేంద్రమోహన్ క్రైస్తవం స్వీకరించాడన్న కోపంతో అతనికి ఆస్తి దక్కకుండా వీలునామా రాశారు. తన వంశంలో ఇంకా పుట్టని మగసంతానానికి కూడా తరాల తరబడి ఆస్తి ఒకరి తరువాత ఒకరికి సంక్రమించేటట్లు ట్రస్టీలను నియమించారు. 1872లో ప్రీవీ కౌన్సిల్ ఆ గొలుసును తెంచివేసింది. హిందూ ధర్మశాస్త్రం ఎరగని హక్కును ట్రస్టు ముసుగులోనైనా సృష్టించడానికి వీలులేదనీ, వీలునామా కర్త మరణించే నాటికి పుట్టని వ్యక్తికి ఆస్తి ఇవ్వడం చెల్లదనీ ప్రకటించింది. జీవించి ఉన్న వ్యక్తికి ఇచ్చిన జీవితకాలపు హక్కు వరకే నిలిచింది. తరువాతి హక్కు, తండ్రి ఎవరికి దక్కరాదనుకొన్నాడో ఆ కుమారుడికే తిరిగి చేరింది. పుట్టబోయే వారికి కేటాయింపులను పరిమితులతో అనుమతిస్తూ మద్రాసులో 1914లో, కేంద్రంలో 1916లో శాసనాలు రావలసి వచ్చింది. నేటి వారసత్వ చట్టం కూడా మునిమనుమల మనుమల దాకా ఆస్తిని కట్టివేయనివ్వదు. కర్త మరణించే నాటికి జీవించి ఉన్నవారి జీవితకాలం, ఆపైన ఒక మైనరు పెరిగి పెద్దయ్యేంత కాలం - అంతవరకే హద్దు.

దానధర్మాలకు ఈ కాలపరిమితి లేదు. 1918లో మరణించిన సర్ రతన్ టాటా వీలునామా ఆధారంగా 1919లో ఏర్పడిన ట్రస్టు నూరేళ్లు దాటి నడుస్తున్నది. 1794లో మరణించిన పచ్చయప్ప మొదలియార్ వీలునామా కథ మాత్రం అంత సాఫీగా సాగలేదు. దైవకార్యాలకూ ధర్మకార్యాలకూ ఆయన విడిచి వెళ్లిన సొమ్ము నిర్వాహకుల చేతుల్లో దశాబ్దాల పాటు చిక్కుకుపోయింది. ప్రభుత్వ న్యాయవాది, న్యాయస్థానం కలగజేసుకొని దానిని రాబట్టిన తరువాత, మిగులు నిధితో 1842లో విద్యాసంస్థ వెలిసింది. మద్రాసు తెలుగువారు ఎందరో చదివిన పచ్చయప్ప కళాశాలకు అదే మూలం. నలభై ఎనిమిదేళ్లు పట్టింది. పెద్ద మొత్తం గనుక, ధర్మకార్యం గనుక ప్రభుత్వం పట్టించుకొన్నది. గుంటూరు ఉపాధ్యాయుని మూడెకరాలను ఎవరు పట్టించుకొంటారు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ట్రస్టీ పదవిని ఎవరూ విధిగా స్వీకరించనవసరం లేదని చట్టమే చెబుతుంది. స్వీకరించినవాడు, ట్రస్టు పత్రంలో రాసి ఉంటే తప్ప, తన శ్రమకు ప్రతిఫలం కోరరాదు. తన బాధ్యతను మామూలుగా మరొకరికి అప్పగించరాదు. అంటే జీవితాంతం ఉచితంగా, సొంత పూచీతో, పరాయి పిల్ల కోసం పొలమూ బ్యాంకూ ఆదాయపు పన్ను కార్యాలయమూ తిరగాలి. ఉమ్మడి కుటుంబాలు, ఊళ్లో పెదనాన్నలు, బాబాయిలు ఉన్న రోజుల్లో అటువంటి మనిషి దొరికేవాడేమో. నేడు పెద్ద బ్యాంకులకు అనుబంధమైన ట్రస్టీ కంపెనీలు ఈ సేవను అందిస్తున్నా, వాటి దృష్టి సహజంగానే కలవారి మీద. అందుచేతనే ఈ సదుపాయం కోటీశ్వరుల వ్యవహారమన్న అపోహ ప్రబలింది.

ప్రభుత్వం వైపు నుంచి మార్గం లేకపోలేదు. ప్రతి రాష్ట్రానికీ ఆఫీషియల్ ట్రస్టీని నియమించాలని 1913లోనే శాసనం చేశారు. ఆయన సమ్మతితో ఆయననే ట్రస్టీగా పెట్టుకొని వీలునామా రాయవచ్చు. మత ప్రయోజనాలకు సంబంధించిన ట్రస్టులనూ, వ్యాపార నిర్వహణతో కూడిన వాటినీ ఆయన స్వీకరించరు. మిగిలిన కుటుంబ ట్రస్టులకు తలుపు తెరిచే ఉంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాబిడ్డల కోసం తీసుకొన్న బీమా పాలసీకి వేరే ట్రస్టీని పెట్టకపోతే ఆ సొమ్ము చేరవలసింది కూడా ఈయన వద్దకే. వ్యక్తి మరణిస్తాడు, ఊరు విడిచి వెళతాడు, మనసు మార్చుకొంటాడు. పదవి శాశ్వతంగా ఉంటుంది. ఇంతటి ప్రయోజనం ఉన్న పదవి పేరు మన పాఠకులలో ఎందరు విని ఉంటారు? రిజిస్ట్రారు కార్యాలయం గోడ మీద ఈ సంగతి రాసిన బోర్డు ఏనాడైనా కనిపించిందా? సంక్షేమ పథకాల ప్రచారానికి పేజీలకు పేజీలు ప్రకటనలు ఇచ్చే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, జిల్లాకొక అధికారిని ఈ బాధ్యతకు జతచేసి, చిన్న ట్రస్టులకు నామమాత్రపు రుసుము నిర్ణయించి, వికలాంగుల తల్లిదండ్రులకు ఈ మార్గం తెలియజేయడానికి వెచ్చించవలసింది అత్యల్పం.

పన్ను విషయంలో కేంద్రం ఒకప్పుడే కొంత సానుభూతి చూపింది. ఎవరికి ఎంత ఇవ్వాలో ట్రస్టీల విచక్షణకు వదిలిన ట్రస్టుల ఆదాయంపై గరిష్ఠ రేటున పన్ను వేసిన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం, 164వ సెక్షన్‌లో వీలునామా ద్వారా ఏర్పడి, ఆ కర్త అలా ప్రకటించిన ఏకైక ట్రస్టు అయిన దానికి మినహాయింపు ఇచ్చి మామూలు శ్లాబులు వర్తింపజేసింది. వ్యాపార ఆదాయం ఉంటే మాత్రం, కర్తపై ఆధారపడిన బంధువు కోసమే ఏర్పడిన ట్రస్టుకే ఆ వెసులుబాటు. ఒకటికి బదులు రెండు ట్రస్టులు రాస్తే మినహాయింపు పోతుందన్నది గమనార్హం. 1961 చట్టం స్థానే పార్లమెంటు 2025లో కొత్త చట్టం చేసినందున, వీలునామా ఖరారు చేసేముందు ఆడిటరును ఒకసారి సంప్రదించడం మంచిది. ఎస్టేటు సుంకం 1985లోనే రద్దయింది గనుక ఆ భయం అక్కరలేదు.

ఎవరు ఎంతవరకు రాయగలరన్నది కూడా తెలుసుకోవాలి. ముస్లిములు, వారసుల సమ్మతి లేకుండా, అంత్యక్రియల ఖర్చులూ అప్పులూ పోగా మూడవ వంతుకు మించి వీలునామాలో ఇవ్వజాలరు. హిందువు తన స్వార్జితాన్నీ, ఉమ్మడి ఆస్తిలో తన వాటానూ రాయవచ్చు తప్ప కుటుంబ ఆస్తి మొత్తాన్ని కాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణతోనూ, దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణతోనూ కుమార్తె కూడా అందులో భాగస్వామి అయింది. ఆమె వాటాను కూడా కలిపి ట్రస్టులో పెట్టిన వీలునామా మొదటి వాయిదాకే బీటలు వారుతుంది. బ్యాంకులో, షేర్లలో నామినీ పేరు రాశాం గదా, ట్రస్టెందుకు అనేవారికి కూడా ఒక మాట. నామినీ సొమ్ము అందుకొనేవాడే తప్ప యజమాని కాడని సుప్రీంకోర్టు బీమా విషయంలో 1983లోనూ, షేర్ల విషయంలో 2023లోనూ స్పష్టం చేసింది. బీమాకు సంబంధించి 2015లో చట్టం కొంత మారింది, అది వేరు.

గుంటూరు ఉపాధ్యాయుడు ఇప్పుడు చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. స్థానికంగా నివసించే ఇద్దరిని, వీలైతే ఒక బంధువునూ ఒక పరిచయస్థుడైన వృత్తి నిపుణుడినీ, ముందుగా అడిగి ఒప్పించి ట్రస్టీలుగా రాయాలి. వారిలో ఒకరు తప్పుకొంటే తరువాత ఎవరన్నది కూడా రాయాలి. వారికి ఏటా కొంత ప్రతిఫలం నిర్ణయించాలి. కుమార్తెకు నెలకు ఇంత అని అంకె వేస్తే పదేళ్లలో ధరలు దాన్ని మింగేస్తాయి గనుక, ఆమె అవసరాలకు తగినంత అని రాసి, అవసరమైతే అసలును కూడా కదిలించే అధికారం ఇవ్వాలి. మాగాణి అమ్మే అధికారం ట్రస్టీలకు ఉందో లేదో తేల్చి చెప్పాలి. ఆమె తదనంతరం మిగిలినది కుమారునికి చెందాలనుకొంటే అతన్ని ట్రస్టీగా కాక, ఏటా లెక్కలు చూసే హక్కుదారుగా ఉంచడం మేలు. రాసిన వీలునామాను బీరువాలో చీరల మడతల్లో దాచకుండా, తప్పనిసరి కాకపోయినా రిజిస్టరు చేయించాలి. లేదా సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద డిపాజిట్టు చేయవచ్చు. రిజిస్ట్రేషను చట్టంలో ఆ సదుపాయం 1908 నుంచీ ఉంది. ఆ కవరు ఎక్కడుందో ట్రస్టీలిద్దరికీ తెలిసి ఉండాలి.